కిరాయి లెక్కలో హైదరాబాదు చరిత్ర

హైదరాబాదు చరిత్ర రాసినవాళ్లలో ఎక్కువమంది దాన్ని కట్టడాల చరిత్రగానే రాశారు. చార్మినార్ 1591, ఉస్మాన్ సాగర్ 1920, సైబర్ టవర్స్ 1998 అంటూ మైలురాళ్లు పాతుకుంటూ పోయారు. ఆ కట్టడాలకు రాళ్లు మోసినవాళ్లు రాత్రిపూట ఎక్కడ తల దాచుకున్నారు, ఆ చోటుకు నెలకెంత ఇచ్చుకున్నారు అన్న ప్రశ్న ఆ పుస్తకాల్లో అరుదుగా తప్ప ఎదురుకాదు. రాజుల చరిత్ర మాత్రమే చరిత్ర కాదని మనం చాలాకాలంగా అంటున్నాం. కట్టడాల చరిత్ర రాజుల చరిత్రకే మారువేషమని కూడా అనవలసి ఉంది.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు, బడి రిజిస్టరులోంచి వచ్చింది. నేను నగరంలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. అడ్మిషన్ రిజిస్టరులో చిరునామా గడి ఒకటి ఉంటుంది. మా పిల్లల విషయంలో అది రాసిన ఏడాదికే పాతబడిపోతుంది. విద్యా సంవత్సరం మధ్యలో ఒక తల్లి వస్తుంది. ‘‘ఇంటోల్లు కిరాయి పెంచిండ్రు సారూ, అవుతలికి పోతున్నం. టీసీ ఇయ్యుండ్రి’’ అంటుంది. ఎక్కడికమ్మా అంటే ఒక ఊరి పేరు చెబుతుంది. పదేళ్ల కిందట ఆ ఊరు నగరంలో భాగం కాదు. మరో నాలుగేళ్లకు ఆ ఊరి నుంచి కూడా అటువంటి తల్లే అక్కడి బడికి వెళ్లి టీసీ అడుగుతుంది. టీసీల మీద రాసిన ఊళ్ల పేర్లు వరుసగా పెట్టి చూస్తే నగరం ఎటు పెరిగిందో పటం గీయవచ్చు. నగరం పెరగడమంటే పేదవాడు దాని అంచు వెంబడి నడుచుకుంటూ పోవడమేనని నాకు అట్లా తెలిసింది.

సాహిత్య పత్రికలో ఇళ్ల కిరాయిల గొడవ ఎందుకని కొందరికి తోచవచ్చు. సమాధానం వ్యాసం చివర చెబుతాను. ముందు చరిత్ర చూద్దాం.

1

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. పదిహేను వేలమంది ప్రాణాలు పోయాయని సాధారణంగా చెప్పుకునే లెక్క. నది ఒడ్డున, పల్లంలో ఉన్న వాడలు కొట్టుకుపోయాయి. 1911లో ప్లేగు వచ్చింది. వరద నివారణకు విశ్వేశ్వరయ్యను పిలిపించడం, ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) కట్టించడం పాఠ్యపుస్తకాల్లో ఉన్న సంగతులు. పాఠ్యపుస్తకాల్లో అంతగా లేనిది 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు సంగతి.

ఆ బోర్డు ప్రధానంగా రెండు పనులు చేసింది. ఇరుకు వాడలను కూల్చి రోడ్లు వేసింది. పత్తర్‌గట్టి రాతి దుకాణాల వరుస దాని పనే. కూల్చిన వాడల జనం కోసం ఇళ్లు కట్టి నెలసరి కిరాయికి ఇచ్చింది. ఈ రెండింటిలో మొదటిది మాత్రమే మన కళ్లకు కనిపించేలా మిగిలింది.

ఇది నిజాం దయాగుణమని కొందరు రాస్తారు. దీన్ని దయతో వివరించడం చరిత్ర కాదు. ప్లేగు పేదవాడి గదిలో పుట్టినా నవాబు దేవిడీ గోడ దూకగలదు. ఏంగెల్స్ 1872లో గృహ సమస్య మీద రాసిన వ్యాసాల్లో ఈ సంగతే విశదం చేశాడు. కార్మిక వాడల్లో పుట్టే అంటురోగాలు తమ ఇళ్లకూ వస్తాయని తెలిసినప్పుడే పై వర్గాలకు పారిశుధ్యం గుర్తుకొస్తుందని, వాళ్లు మురికివాడను తొలగించడమంటే దాన్ని ఇంకోచోటికి జరపడమేనని ఆయన వాదన సారాంశం. హైదరాబాదుకు ఈ మాట ఎంతవరకు వర్తిస్తుందో ముందు ముందు చూస్తాం.

అయితే ఒక సంగతి న్యాయంగా ఒప్పుకోవాలి. భూస్వామ్య ప్రభువు పెట్టిన ఆ బోర్డు ఒక సూత్రాన్ని అంగీకరించింది. నగరంలో జనానికి ఇల్లు చూపడం ఖజానా భరించవలసిన ఖర్చు అన్నది ఆ సూత్రం. భూమి అప్పటికింకా ప్రభుత్వ లెక్కల్లో ఖర్చు పద్దులోనే ఉంది. ఈ పద్దు మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి.

2

1948లో నిజాం పాలన అంతమైంది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీరు ఆదాయం మీద నడిచిన దేవిడీలు ముక్కలై, వాటాలై, కిరాయి గదులయ్యాయి. 1951 జనగణన నాటికి జంటనగరాల జనాభా పదకొండు లక్షలు దాటింది. 1956 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడి, కర్నూలు నుంచి కార్యాలయాలూ ఉద్యోగులూ వచ్చారు. ఒకే నగరంలో ‘కిరాయి’, ‘అద్దె’ అన్న రెండు మాటలు ఒకే వాకిట్లో ఎదురుపడ్డాయి. 1952 ముల్కీ ఆందోళననూ 1969 ఉద్యమాన్నీ మనం ఉద్యోగాల పరంగా చర్చిస్తాం. అది సరైనదే. కాని ఉద్యోగం పోతుందన్న భయం పక్కనే ఊళ్లో చోటు పోతుందన్న భయం కూడా ఉందని, దాన్ని మన విశ్లేషణలు తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం.

ఈ ఒత్తిడికి రాష్ట్రం ఇచ్చిన జవాబు 1960లో రెండు రూపాల్లో కనిపిస్తుంది. ఒకటి కిరాయిల నియంత్రణ చట్టం. న్యాయమైన కిరాయి ఎంతో నిర్ణయించడానికి రెంట్ కంట్రోలర్ ఉంటాడు, చట్టం చెప్పిన కారణాలు ఉంటే తప్ప కిరాయిదారును ఖాళీ చేయించకూడదు. వినడానికి బాగానే ఉంది. కాని 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన భవనాలకు ఇది వర్తించదన్న మినహాయింపు ఆ చట్టంలోనే ఉంది. కొత్త ఇళ్లు కట్టేవాళ్లను ప్రోత్సహించడానికి అన్నారు. అంటే నగరానికి ముందుగా వచ్చిన కిరాయిదారుకు రక్షణ, తరువాత వచ్చినవాడికి సంత ధర. పెరుగుతున్న నగరంలో తరువాత వచ్చేవాడే ఎప్పుడూ ఎక్కువమంది. 1983లో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టివేసింది. వెంటనే ప్రభుత్వం భవనం వయసును బట్టి, కిరాయి మొత్తాన్ని బట్టి వేరే మినహాయింపులు తెచ్చింది. చట్టం పుస్తకంలో ఉంది, టు-లెట్ బోర్డు వీధిలో ఉంది. రెండూ కలుసుకున్న సందర్భాలు తక్కువ.

రెండోది హౌసింగ్ బోర్డు. పాత ఇంప్రూవ్‌మెంట్ బోర్డుకు వారసురాలిగా 1960లో వచ్చింది. ఇది కట్టిన కాలనీల్లో ఇంటి నంబర్లు చదివితే మన సమాజ నిర్మాణం మీద ఒక పాఠం అవుతుంది. ఎల్‌ఐజీ అంటే తక్కువ ఆదాయ వర్గం, ఎంఐజీ అంటే మధ్య ఆదాయ వర్గం, హెచ్‌ఐజీ అంటే ఎక్కువ ఆదాయ వర్గం. వర్గాలు ఉన్నాయా లేవా అని పండితులు వాదించుకుంటున్న రోజుల్లో ప్రభుత్వం వాటిని తలుపుల మీద రంగుతో రాయించింది. నెలవారీ ఆదాయానికి రుజువు చూపగలవాడే ఆ మూడింటిలో దేనికైనా అర్హుడు. రిక్షా తొక్కేవాడికి, అడ్డా మీద నిలబడే కూలీకి అటువంటి కాగితం ఎవరిస్తారు?

3

రిక్షా మాట వచ్చింది కనుక మన సాహిత్య చరిత్రలోని ఒక సంఘటన చెప్పాలి. 1965లో దిగంబర కవుల మొదటి సంపుటిని హైదరాబాదులో నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు ఆవిష్కరించాడు. మంత్రులు, మఠాధిపతులు పుస్తకాలు ఆవిష్కరించే దేశంలో అది చిన్న సంగతి కాదు. తరగతిలో ఆధునిక కవిత్వం చెప్పిన ప్రతిసారీ నేను దాన్ని గర్వంగానే చెబుతాను. ఒకసారి ఎనిమిదో తరగతి పిల్లవాడు లేచి, ‘‘సార్, ఆయన ఇల్లు నాంపల్లిలనేనా?’’ అని అడిగాడు. నాకు జవాబు తెలియలేదు. ఆయన పేరులో ఆ పేట ఉంది. ఆ పేటలో ఆయనకు గది ఉందో, ఫుట్‌పాత్ ఉందో మన సాహిత్య చరిత్రలు నమోదు చేయలేదు. మనం ఆయన చేతుల్ని తీసుకున్నాం, ఆయన చిరునామా తీసుకోలేదు.

ఆ దశకంలోనే నగరం చుట్టూ ప్రభుత్వరంగ పరిశ్రమలు వచ్చాయి. ఐడీపీఎల్, బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్ తమ ఉద్యోగులకు క్వార్టర్లు కట్టాయి. కార్మికుడికి వేతనంతో పాటు ఇల్లు కూడా ఇవ్వాలన్న అవగాహన అక్కడ అమలైంది. కాని ఆ క్వార్టర్లు కట్టినవాళ్లు పర్మనెంటు ఉద్యోగులు కారు. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీసుకొచ్చిన పాలమూరు కూలీలు. వాళ్లు కట్టుబడి సాగినన్నాళ్లు దాని పక్కనే గుడిసె వేసుకుని, పని ముగియగానే గుడిసె విప్పుకుని వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు నాలాల పక్కన, రైలు కట్టల పక్కన స్థిరపడ్డారు. ఉర్దూలో ‘బస్తీ’ అంటే జనావాసం. ఈ నగరంలో ఆ మాట క్రమంగా పేదల వాడ అనే అర్థంలోకి కుదించుకుపోయింది. 1967లో నగరపాలక సంస్థ మొదలుపెట్టిన పట్టణ సమాజాభివృద్ధి పథకం, 1980లలో విదేశీ సహాయంతో జరిగిన మురికివాడల అభివృద్ధి ఈ బస్తీలకు నల్లా, దీపం, రోడ్డు, కొన్నిచోట్ల పట్టా తెచ్చాయి. ఉన్నచోటనే ఉంచి బాగుచేయడం ఆ పథకాల విశేషం. దాన్ని తక్కువ చేయకూడదు.

4

1975లో హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1976లో పట్టణ భూపరిమితి చట్టం వచ్చింది. హైదరాబాదు వంటి నగరంలో ఒకరికి వెయ్యి చదరపు మీటర్లకు మించి ఖాళీ స్థలం ఉండకూడదని, మిగులు ప్రభుత్వపరం కావాలని చట్టం. గ్రామంలో భూసంస్కరణల చట్టానికి పట్టిన గతే నగరంలో దీనికీ పట్టింది. మినహాయింపులు, కోర్టు వ్యాజ్యాలు, కాగితాల మీద పంపకాలు. అయినా పెద్ద స్థలాల చేతులు మారడానికి అది ఒక అడ్డంకిగా ఉండేది. 1999లో కేంద్రం దాన్ని రద్దు చేసింది. మన రాష్ట్రం ఆ రద్దును 2008లో స్వీకరించింది.

ఈ మధ్యకాలంలో మధ్యతరగతి ఏం చేసింది? సహకార గృహనిర్మాణ సంఘాలు పెట్టుకుంది. సహకారం అన్నది శ్రామికుల మాట. దాన్ని ఉద్యోగులు, అధికారులు, అధ్యాపకులు, రచయితలు ప్లాట్లు పంచుకోవడానికి వాడుకున్నారు. బంజారాల తండాలున్న గుట్ట బంజారాహిల్స్ అయింది. ఇప్పుడు ఆ పేరులో తప్ప అక్కడ బంజారాకు చోటు దొరకడం కష్టం. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ 1980లలో ఊరికి దూరమని జనం వెనకాడిన చోటు. ఇరవై ఏళ్లలో అక్కడ ఎల్‌ఐజీ ఇంటిమీద మూడంతస్తులు లేచి, హాస్టళ్లయ్యాయి.

ఇక్కడ నా సంగతి దాచితే వ్యాసానికి నిజాయితీ ఉండదు. పదహారేళ్లు కిరాయి ఇళ్లలో ఉన్నాను. ‘‘మీరేమిట్లు?’’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పి గది సంపాదించినవాణ్ని. నా సహోపాధ్యాయుడు ఒకరు అదే ప్రశ్నకు నిజం చెప్పి ఏడు ఇళ్ల ముందు నుంచి వెనక్కి తిరిగినవాడు. కిరాయి ఇల్లు దొరకడంలో డబ్బు రెండో ప్రశ్న. కులం, మతం, వంటింట్లో ఏం వండుతారన్నది మొదటి ప్రశ్న. తరువాత బ్యాంకు అప్పుతో నేనూ ఒక చిన్న ఇల్లు కొన్నాను. కింది వాటా కిరాయికి ఇచ్చాను. నిరుడు వాయిదా పెరిగిందని కిరాయి వెయ్యి రూపాయలు పెంచాను. కింది వాటాలో ఉన్న డ్రైవరు ఏమీ అనలేదు. రెండు నెలలకు ఖాళీ చేశాడు. ఆయన బిడ్డ మా బడిలోనే చదివేది. ఆ టీసీ మీద నేనే రాశాను, నా చేత్తోనే. కనుక నేను ఇక్కడ విమర్శిస్తున్నది ఎవరో దూరపు దోపిడీదారుణ్ని మాత్రమే కాదు. అప్పు వాయిదాను కిరాయిగా కిందికి దింపే ఏర్పాటులో మంచివాడైన మేష్టారు కూడా ఒక మెట్టే.

5

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 1981లో ఇరవై ఐదు లక్షలున్న నగర జనాభా, పరిసరాలతో కలిపి, 1991లో నలభై మూడు లక్షలు. 2007లో పన్నెండు మునిసిపాలిటీలు, ఎనిమిది గ్రామ పంచాయతీలు కలిసి మహానగరపాలక సంస్థ ఏర్పడింది. 2011 జనగణనలో దాని జనాభా 67 లక్షలు. మాదాపూర్, కొండాపూర్, రాయదుర్గం, నానక్‌రాంగూడ, కోకాపేట అన్నవి అంతకు ముందు ఊళ్లు. వాటికి చెరువులు, పొలాలు, బొడ్రాళ్లు ఉండేవి.

ధర ఎందుకు పెరిగింది? భూమి తనంతట తాను ఏ శ్రమా చేయదు. రోడ్డు వేసింది ప్రజాధనం, నీళ్లు తెచ్చింది ప్రజాధనం, 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ప్రజల ఆస్తి. పెరిగిన విలువ మాత్రం స్థలం ఎవరి పేరున ఉందో వాళ్ల జేబులోకి పోయింది. రహదారి ఎటు పోతుందో ముందే తెలిసినవాడు ముందే కొన్నాడు. తెలియని రైతు అమ్ముకుని, తరువాత తన పొలంలో లేచిన భవనానికి కాపలాదారుగా చేరాడు.

అంతకన్నా ముఖ్యమైన మార్పు ప్రభుత్వం పాత్రలో వచ్చింది. 1912 బోర్డుకు భూమి ఖర్చు పద్దు అన్నాను. 2006లో కోకాపేట భూముల వేలం నాటికి అది ఆదాయం పద్దులోకి మారింది. 2023 ఆగస్టులో అదే కోకాపేటలో ఎకరం గరిష్ఠంగా 100 కోట్ల 75 లక్షల రూపాయలకు పోయింది. ఎకరానికి 4840 గజాలు. అంటే గజం రెండు లక్షల ఎనిమిది వేల పైచిలుకు. ఆ ఏడాది ఉపాధి హామీ పథకం కింద తెలంగాణకు నిర్ణయించిన రోజు కూలి 272 రూపాయలు. పాలమూరులో ఆ కూలి చేసే మనిషి తినకుండా తాగకుండా 765 రోజులు పనిచేస్తే ఒక గజం వస్తుంది. ఆ గజం మీద ముప్ఫై, నలభై అంతస్తులు లేస్తాయి కనుక భారం పంచుకుంటారని ఎవరైనా అనవచ్చు. నిజమే. కాని ఆ అంతస్తుల్లో ఏ ఒక్కటీ అతనికోసం లేవదు. పైగా ఆ వేలం ధర చుట్టుపక్కల పది ఊళ్లకు కొలబద్ద అవుతుంది. భూమి ధర పెరిగితే ఖజానా నిండే ఏర్పాటులో, ధర తగ్గించే చట్టం తేవాలని ఖజానాకు ఎందుకు అనిపిస్తుంది? ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ తర్కం మారలేదు. అందుకే దీన్ని వ్యక్తుల తప్పుగా కాక వ్యవస్థ స్వభావంగా చూడాలి.

6

ప్రభుత్వాలు పేదల ఇళ్లకు ఏమీ చేయలేదని అనడం సత్యం కాదు. 2015లో సికింద్రాబాదు బోయిగూడలో ఐడీహెచ్ కాలనీ వాసులకు, వాళ్లు ఉన్నచోటనే, 396 రెండు పడక గదుల ఇళ్లు కట్టి ఇచ్చారు. 2023 జూన్‌లో కొల్లూరులో ఒకేచోట 15,660 ఇళ్లు ప్రారంభించారు. 560 చదరపు అడుగుల ఇల్లు ఉచితంగా రావడం పేదవాడికి ఎంత పెద్ద సంగతో గుడిసెలో వాన చూసినవాడికి తెలుసు. కాని ఈ రెండింటి మధ్య తేడా గమనించాలి. మొదటిది ఉన్నచోట, రెండోది నగరం నడిబొడ్డుకు దాదాపు ముప్ఫై కిలోమీటర్ల అవతల. పాచిపని చేసే తల్లికి ఇల్లంటే నాలుగు గోడలు మాత్రమే కాదు. పొద్దున ఆరింటికి నడిచి పోగలిగినంత దూరంలో ఉన్న నాలుగు గోడలు. ఇల్లు ఇచ్చి పని తీసుకుంటే లెక్క సరిపోదు.

2024 సెప్టెంబరు చివర మూసీ ఒడ్డున ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాశారు. నదీగర్భంలో ఉన్న ఇల్లు అని దాని అర్థం. చాదర్‌ఘాట్ ప్రాంతంలోని కొన్ని కుటుంబాలను రెండు పడక గదుల ఇళ్లకు తరలించి, పాత ఇళ్లు కూల్చారు. నదిని కాపాడవలసిందే. 1908 నేర్పిన పాఠం కూడా అదే. అయితే నదిలోకి ఎవరూ సరదాకు దిగరు. ఒడ్డు మీద గది కిరాయి భరించలేనివాడు పల్లానికి దిగుతాడు. పల్లంలో నీళ్లొస్తాయని తెలిసే దిగుతాడు. నూట పదహారేళ్ల తరువాత కూడా మూసీ పల్లంలో అదే వర్గం జనం ఉన్నారంటే, ఏంగెల్స్ మాట హైదరాబాదుకు ఎంతవరకు వర్తిస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

7

ఇప్పుడు సాహిత్యం సంగతి. భూమి సమస్య అనగానే మన విమర్శకు పొలం గుర్తొస్తుంది. సాయుధ పోరాట కాలం నుంచి దున్నేవాడికే భూమి అన్న నినాదం మన నవలను, కథను, పాటను పోషించింది. నగరంలో భూమి సమస్య మాత్రం మన సాహిత్య విమర్శలో ఒక వర్గంగా కూడా ఏర్పడలేదు. నెల్లూరి కేశవస్వామి చార్మినార్ కథల్లో ఒక సమాజం ఒరిగిపోవడం ఉంది. లోకేశ్వర్ ‘సలాం హైదరాబాద్’లో గల్లీల జ్ఞాపకం ఉంది. ఇవి విలువైనవే. కాని జ్ఞాపకం ఒకటి, కిరాయి ఒకటి. పాత నగరం పోయిందని బాధపడే రచనలు మనకున్నాయి; ఈ నెల ఒకటో తారీకున ఎవరు పోతున్నారో చెప్పే రచనలు తక్కువ. వామపక్షాలు ఇళ్ల స్థలాల కోసం పోరాడాయి. 2007 జూలైలో ముదిగొండలో భూమి, ఇళ్ల స్థలాల ఆందోళన మీద పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అటువంటి సంఘటనల మీద కవితలు వచ్చాయి. తుపాకీ పేలితే మనం రాస్తాం. కిరాయి పెరిగితే రాయం. మొదటిది వార్త, రెండోది మన సొంత ఇంటి ఆదాయం కావడమే దీనికి కారణమా అని మనల్ని మనం ప్రశ్నించుకోవాలి.

సాహిత్య విద్యార్థులకు నేను చెప్పేది ఒకటే. నగర కథ ఏది చదివినా పాత్ర ఎక్కడ ఉంటోంది, ఆ గది ఎవరిది, నెలకెంత, అది ఎవరి జేబు నుంచి ఎవరి జేబుకు పోతోంది అని అడగండి. చాలా కథల్లో పాత్రలు గాలిలో నివసిస్తుంటాయి. ఆ గాలి మధ్యతరగతి సౌకర్యం. రచయితలు ఈ లెక్కలు రాయడం కళకు తక్కువ అనుకోనవసరం లేదు. ప్రేమ, పెళ్లి, చదువు, చావు అన్నీ ఈ నగరంలో గజాల లెక్క మీదే ఆధారపడి ఉన్నాయి.

మా బడిలో ఈ ఏడాది నేనొక పని మొదలుపెట్టాను. టీసీ ఇచ్చేటప్పుడు కారణం గడిలో ‘తల్లిదండ్రుల కోరిక మేరకు’ అని రాయడం మాకు అలవాటు. ఇప్పుడు నేను ‘కిరాయి పెరిగినందున’ అని రాస్తున్నాను. ప్రధానోపాధ్యాయుడు మొదట అభ్యంతరం చెప్పి, తరువాత సంతకం పెట్టాడు. కింది వాటాలో కొత్తగా చేరిన కుటుంబానికి మూడేళ్లు కిరాయి పెంచనని కాగితం రాసి ఇచ్చాను. ఇవి పరిష్కారాలు కావు. చట్టం, ఉద్యమం చేయవలసిన పనిని ఒక మేష్టారి కాగితం చేయలేదు. కాని రేపు ఎవరైనా ఈ నగర చరిత్ర రాయడానికి ఆ రిజిస్టరు తెరిస్తే, కోరిక అన్న అబద్ధం బదులు కారణం కనిపిస్తుంది.